గుండె మీద చెవి

ఆదెయ్యకు జబ్బేమీ లేదు. ముప్ఫై మూడేళ్ళ మనిషి, పూటకు ఒక ముద్ద ఎక్కువే తింటాడు గానీ తక్కువ తినడు. ఉన్నదల్లా కడుపుమంట. దానికి మందుల షాపులో బిళ్ళలు దొరకవు.

ఆ మంటకు కారణం సింగరయ్య.

ఇద్దరూ లాల్ సాహెబు గారి శిష్యులు. సాహెబు గారు పల్నాట్లో పేరున్న సన్నాయి విద్వాంసుడు. ఐదు పూటలా నమాజు చేసే ఆ మనిషే తిరునాళ్ళ తొమ్మిది రోజులూ కొండ మీద నరసింహస్వామికి మేలుకొలుపు వాయిస్తాడు. ఆ ఊళ్ళో ఇదొక వింత కాదు. వాళ్ళ తాత వాయించాడు, ముత్తాత వాయించాడు. సాహెబు గారు రాకపోతే స్వామికి తెల్లవారదని పూజారులే అంటారు.

నలభై ఏళ్ళ పాటు ఆయన కుడిపక్కన నిలబడి వాయించిన తమ్ముడు పోయినేడు కాలం చేశాడు. ఈ ఏటి తిరునాళ్ళలో ఆ చోట ఎవరు నిలబడతారన్నదే ఇప్పుడు మేళంలో అందరి నోళ్ళలో నానుతున్న మాట. కుడిపక్క నిలబడ్డవాడే రేపు మేళానికి పెద్ద. ఈ సంగతి ఎవరూ పైకి చెప్పరు, అందరికీ తెలుసు.

ఆదెయ్య పద్నాలుగేళ్ళ శిష్యుడు. సింగరయ్య వచ్చి ఆరేళ్ళయింది, వయసు ఇరవై నాలుగు. లెక్క ప్రకారం ఆ చోటు ఎవరిదో చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. కానీ సాహెబు గారు చెప్పడం లేదే!

పైగా సాధకం దగ్గర తేడా చూడండి. ఆదెయ్య రాగం ముగించి సన్నాయి పీక నోట్లోంచి తియ్యగానే గురువు నోట ఒకే మాట వస్తుంది: "ఇంకోసారి." అదే సింగరయ్య అయితే, "చాల్లేరా, కాసేపు కూకో. మంచినీళ్ళు తాగు."

సింగరయ్యకు పుట్టుకతోనే గుండెలో చిన్న చిల్లుంది. చేరిన కొత్తలో సాహెబు గారే స్వయంగా అతన్ని గుంటూరులో గుండె డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాడు, ఆదెయ్యను తోడుపెట్టుకుని. ఆమె పరీక్ష చేసి నవ్వింది.

"చిల్లు చిన్నది సాహెబు గారూ. చిన్నది కాబట్టే చప్పుడు పెద్దది. చెవి ఆనిస్తే చాలు, గొట్టం కూడా అక్కర్లేదు. ఆపరేషన్ వద్దు, సన్నాయి వాయించుకోవచ్చు."

"మా పనిలోనూ అంతేనమ్మా, సందు సన్నగా ఉంటేనే కూత గట్టిగా వస్తది" అన్నాడాయన.

అప్పుడామె నవ్వు ఆపి చెప్పింది. "పళ్ళు మాత్రం జాగ్రత్త. చిగుళ్ళు చెడితే పురుగులు రక్తంలోకి దిగుతాయి. నాకూ మీకూ అయితే అవి దారిలోనే చచ్చిపోతాయి. ఇతనికి ఆ చిల్లులోంచి రక్తం పిచికారీలా కొడుతుంది, కొట్టిన చోట గరుకు తేలుతుంది. పక్కనే వాల్వు. పురుగులు అక్కడ కాపురం పెట్టాయంటే వాల్వును తినేస్తాయి. చిన్నప్పటి నుంచీ ఏమీ కాలేదు గదా అని పెద్దయ్యాక అందరూ మర్చిపోతారు, అక్కడే వస్తుంది ముప్పు. పన్ను పీకించాల్సి వస్తే ముందు నాకు చెప్పండి. జ్వరం మూడు రోజులు దాటితే సొంతంగా బిళ్ళలు మింగొద్దు. నేరుగా రక్తం పరీక్షకు రండి."

సాహెబు గారు ఇంటికొచ్చి శిష్యులందర్నీ వసారాలో కూర్చోబెట్టి, ఈ మాటలు సరళీ స్వరాల్లాగా మూడుసార్లు వల్లెవేయించాడు. ఆదెయ్య కూడా వల్లించాడు. నోటికి వచ్చేసింది.

ఇక ప్రతి శుక్రవారం ఒక తంతు. జుమ్మా నమాజుకు బయల్దేరే ముందు సాహెబు గారు సింగరయ్యను లోపలి గదిలోకి పిలుస్తాడు. తలుపు ఓరగా వేసుకుంటారు. ఒకరోజు ఆదెయ్య ఆగలేక సందులోంచి చూశాడు. గురువు కళ్ళు మూసుకుని సింగరయ్య గుండె మీద తల ఆనించి ఉన్నాడు. ఎంతసేపటికీ తల ఎత్తడు. ఆ మొహంలో ఎంత ప్రశాంతత!

ఆదెయ్యకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. కన్న కొడుకును కూడా ఎవరూ అంతసేపు హత్తుకోరు. పద్నాలుగేళ్ళలో గురువు తన భుజం మీద చెయ్యి వేసింది రెండుసార్లు, అందులో ఒకసారి కాలు జారి పడబోతూ పట్టుకోవడానికి.

"మన గుండె నిండుగా ఉండటమే మన పాపం" అన్నాడు డోలు వాయించే కోటయ్యతో. "చిల్లుంటే గానీ ఈ ఇంట్లో ప్రేమ పుట్టదు."

కోటయ్య నవ్వాడు గానీ ఆదెయ్య నవ్వలేదు. జబ్బు మీద కూడా అసూయపడే మనిషిని మీరెక్కడైనా చూశారో లేదో. ఆదెయ్య పడ్డాడు. తనకూ ఒక చిల్లుంటే బాగుండునని నిజంగానే అనుకున్నాడు.

తిరునాళ్ళు ఇంకా నెల రోజులున్నాయనగా సాహెబు గారు భార్య బీబమ్మతో కలిసి కడపలో కూతురింటికి వెళ్ళాడు. అక్కడ ఉరుసు కూడా చూసుకుని ఇరవై రోజులకు వస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆదెయ్యతో, "సాధకం చూసుకో. సింగణ్ణి కనిపెట్టుకుని ఉండు" అన్నాడు.

మళ్ళీ సింగడే. బస్సు కదిలేటప్పుడు కూడా సింగడే.

ఆయన వెళ్ళిన రెండోరోజే సింగరయ్యకు దవడపన్ను పోటు మొదలైంది. చెంప బూరెలా వాచింది. సన్నాయివాడికి పన్ను పోటంటే ప్రాణం పోయినట్టే. బుగ్గల్లో గాలి నిలవదు.

"గుంటూరు పోదాం పద" అన్నాడు ఆదెయ్య. ఆ మాట అన్నది నిజం. న్యాయంగా చెప్పుకోవాలి.

"వద్దన్నా! డాక్టరమ్మకు చెబితే గురువుగారికి చెప్తది. ఆయన నన్ను తిరునాళ్ళకు ఊదనివ్వడు. నీకు దండం పెడతా, చెప్పమాక. బస్టాండు కాడ పీకించుకొస్తా."

ఆదెయ్య ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ అడగాల్సినవాడు అడగలేదు. మోటారు సైకిలు తీశాడు.

బస్టాండు పక్క పళ్ళ డాక్టరు మంచివాడే. కుర్చీలో కూర్చోబెట్టి, "గుండె జబ్బు, షుగరు, బీపీ ఏమన్నా ఉన్నాయా?" అని అడిగాడు. సింగరయ్య తల తిప్పి ఆదెయ్య వైపు చూశాడు. ఆదెయ్య గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.

"ఏం లేవండి" అన్నాడు సింగరయ్య.

పన్ను ఊడింది. వాపు తగ్గింది. పీకించిన ఆరో రోజు సాయంత్రం సింగరయ్యకు చలిజ్వరం వచ్చింది.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. దీపాలు పెట్టే వేళకు ఒణుకు, తెల్లారేసరికి చెమటతో బనీను తడిసి ముద్ద. నాలుగో రోజు పొద్దున ఆదెయ్యకు మూడు రోజుల మాట గుర్తొచ్చింది. మర్చిపోయాడని చెబితే అది అబద్ధం. వల్లెవేసిన పాఠం ఎక్కడికి పోతుంది?

గుర్తుండే మందుల షాపుకు వెళ్ళాడు. జ్వరం బిళ్ళలూ, వాటితో పాటు ఐదు రోజులకు యాంటీబయాటిక్ బిళ్ళలూ తెచ్చి సింగరయ్య చేతిలో పెట్టాడు. "మింగు, అదే పోద్ది."

"నువ్వు కాబట్టి ఇంత చేస్తన్నావన్నా" అన్నాడు సింగరయ్య. ఆ మాటకు ఆదెయ్య బయటికి వచ్చి వేపచెట్టు కింద కాసేపు నిలబడ్డాడు.

ఆ సాయంత్రం గురువు కడప నుంచి ఫోన్ చేశాడు. ఆదెయ్య చెప్పేద్దామనే అనుకున్నాడు. ఫోన్ చెవికి ఆనించుకునేదాకా అనుకున్నాడు. పన్ను సంగతీ, జ్వరం సంగతీ నాలుక చివరికి వచ్చాయి. అవతల నుంచి ముందు, "ఒరే ఆదెయ్యా, నువ్వెట్టా ఉన్నావురా?" అని వచ్చి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"సింగడెట్టా ఉన్నాడురా?" అన్నాడు గురువు.

ఆదెయ్య నాలుక చివరున్న మాట వెనక్కి పోయింది.

"బాగున్నాడు గురువుగారూ."

బిళ్ళలకు జ్వరం నెమ్మదించింది. అవి అయిపోయిన రెండోరోజు మళ్ళీ వచ్చింది, అప్పు తీర్చమని తిరిగొచ్చిన మనిషిలా మరింత గట్టిగా. సింగరయ్యకు అన్నం సయించడం లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సాధకానికి మాత్రం మొండిగా కూర్చునేవాడు. తోడి రాగంలో ఒక పొడుగు పట్టు ఉంది, ఒకే ఊపిరిలో పైషడ్జం దాకా ఎక్కి దిగాలి. అంతకు ముందు అది సింగరయ్యకు మంచినీళ్ళు తాగినట్టు వచ్చేది. ఇప్పుడు సగంలో తెగింది.

ఆదెయ్యకు సంతోషమైంది. ఇక్కడ దాచేదేముంది? లోపల ఎక్కడో చల్లగా, ఎండలో నుంచి వచ్చి కుండలో నీళ్ళు తాగినట్టు ఉంది. వెంటనే తన సన్నాయి ఎత్తి అదే పట్టు ఒక్క ఊపిరిలో వాయించాడు. అవసరం లేకపోయినా రెండోసారి కూడా వాయించాడు.

"నీకెట్టా నిలుస్తదన్నా అంత ఊపిరి!" అన్నాడు సింగరయ్య. వాడి మాటలో కుళ్ళు లేదు. అది ఆదెయ్యకు ఇంకా మంట.

సింగరయ్య పన్నెండో రోజు జ్వరం మీద ఉండగా సాహెబు గారు తిరిగొచ్చాడు. ఇంకా ఎండ పూర్తిగా వాలలేదు. సంచీ అరుగు మీద పెడుతూనే వసారాలో చాప మీదున్న సింగరయ్యను చూశాడు. మొహం మాడిపోయింది, చెంపలు పీక్కుపోయాయి. దగ్గర కూర్చుని, ఎప్పటిలాగే వాడి గుండె మీద తల ఆనించాడు.

ఆ రోజు శుక్రవారం కూడా కాదు. స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డ ఆదెయ్య మొహం తిప్పుకున్నాడు.

సాహెబు గారు లేచి పెరట్లోకి వెళ్ళాడు. కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికని అనుకున్నారు. కాసేపటికి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

"ఒరే ఆదెయ్యా, ఇట్రా. బస్సు హోరుకు నా చెవులు మూసుకుపోయినయ్యి. వీడి గుండె ఏమంటందో నాకేం తెలవట్లా. నువ్వు విని చెప్పు."

"నేనా? నాకేం తెలుసు గురువుగారూ! నేను డాక్టర్నా?"

"సన్నాయివాడివి గదా. విను."

ముందు కలిగింది గర్వం. ఇన్నేళ్ళకు గురువు తన చెవికి బదులుగా ఆదెయ్య చెవి అడిగాడు. అదీ సింగడి ముందు. పంచె సర్దుకుని, కచేరీకి కూర్చున్నట్టు చాప మీద కూర్చుని, ఆదెయ్య వంగి సింగరయ్య గుండె మీద చెవి పెట్టాడు.

పెట్టగానే కాలింది. పొయ్యి మీది పెనం లాగుంది ఛాతీ.

సింగరయ్య మెల్లగా అన్నాడు. "చెవి కాలతందా అన్నా? తువ్వాలు వేసుకోనా?"

ఆదెయ్య వింటున్నాడు. ముందు గుండె పరుగు వినిపించింది. వేటకుక్కలు తరిమే కుందేలు పరుగు. దాని మీద బుస్సుమని ఒక కూత. అది చిల్లు పాట, డాక్టరమ్మ చెప్పిందే. కానీ ఆ కూత అయ్యాక, మళ్ళీ కొట్టుకునేలోపు, ఇంకొకటి వినిపించింది. సన్నగా, మెత్తగా, వెనక్కి జారే నిట్టూర్పు.

ఆ చప్పుడు ఆదెయ్యకు తెలుసు. పీకకు రెండు రేకులుంటాయి. అవి సరిగ్గా కలవకపోతే గాలి ఇలాగే వెనక్కి జారుతుంది. ఈ ఒక్క దోషం పట్టుకోవడానికి సాహెబు గారు రెండేళ్ళ పాటు అతని చేత సన్నాయి లేకుండా ఒట్టి పీక ఊదించాడు. "ఇంకోసారి", "ఇంకోసారి" అంటూ.

గురువు ప్రతి శుక్రవారం ఇక్కడ చెవి పెట్టి ఏం వెతుకుతున్నాడో అప్పుడు తెలిసింది. హత్తుకోవడం కాదది. కాపలా.

ఈ మనిషి ఊపిరి తెగినప్పుడు తను లోపల చల్లబడ్డాడు. అది కూడా గుర్తొచ్చింది. చెవి తియ్యాలంటే భయం వేసింది, తీస్తే మొహం కనిపిస్తుంది.

"ఏం వినబడిందిరా?" అన్నాడు సాహెబు గారు.

ఎప్పటిలాగే ఉందని చెప్పొచ్చు. గురువుకు వినపడదు గదా. ఇంకో పది రోజులు గడిస్తే తిరునాళ్ళు. కుడిపక్క చోటు ఖాళీగా, తన కోసమే ఉంటుంది.

"రెండు రేకులూ కలవట్లా గురువుగారూ" అన్నాడు ఆదెయ్య. "గాలి ఎనక్కి పోతంది."

"ఎన్నాళ్ళ నించి జరం?"

"నిన్నటి నించేనండీ" అనబోయాడు సింగరయ్య, అన్నను కాపాడదామని.

"నువ్వు గమ్మునుండరా!" అని ఆదెయ్య అరిచాడు. అరిచి ఇక ఆగలేదు. "పన్నెండు రోజులు. పన్ను పీకించాం. పళ్ళ డాక్టరు గుండె సంగతి అడిగితే లేదన్నాడు, నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నా. మూడు రోజులు దాటినాక నేనే బిళ్ళలు తెచ్చిచ్చా. యాంటీబయాటిక్కు. ఐదు రోజులు. మీరు ఫోన్ చేసినప్పుడు బాగున్నాడని చెప్పా."

సాహెబు గారు తిట్టలేదు. చెయ్యెత్తలేదు. "ఆ బిళ్ళల అట్టలు ఉన్నయ్యా?" అని అడిగాడు.

ఆదెయ్య కిటికీ గూట్లోంచి ఖాళీ అట్టలు తెచ్చి ఇచ్చాడు. ఆయన వాటిని జేబులో పెట్టుకునేసరికి వీధిలో కారు హారను మోగింది.

గుంటూరులో డాక్టరమ్మ అట్టలు చూసి, ఆదెయ్యను నిలబెట్టి తేదీలన్నీ అడిగి రాసుకుంది. రక్తం మూడుసార్లు తీశారు. స్కానింగులో వాల్వు అంచున బియ్యపు గింజంత గడ్డ, గాలికి ఊగినట్టు ఊగుతూ కనిపించింది.

"మొదటి రక్తం పరీక్షలో పురుగేమీ మొలవలేదు" అందామె మూడో రోజు. "బిళ్ళలు మింగితే అంతే, పురుగు దాక్కుంటుంది. వాటి సంగతి మీరు చెప్పకపోయి ఉంటే నేనూ పొరబడేదాన్ని. చెప్పి మంచి పని చేశారు. ఇంకో వారం ఆగితే వాల్వు మిగిలేది కాదు, మనిషి కూడా మిగిలేవాడు కాదేమో. ఇప్పుడు ఆరు వారాలు నరానికి ఇంజెక్షన్లు. అప్పటికీ వాల్వు కారుతుంటే ఆపరేషన్. ఏడాది దాకా సన్నాయి ముట్టకూడదు. తర్వాతి సంగతి తర్వాత."

సింగరయ్య ఆ మాట విని పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోలేదు, చేతికి సూది ఉంది. ఆదెయ్యే తుడిచాడు.

సింగరయ్య తల్లి ఆసుపత్రి వరండాలో ఆదెయ్య రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. "నాయనా, నా బిడ్డను నువ్వే బతికించావంట. డాక్టరమ్మ చెప్పింది. నీ రుణం నేనెట్టా తీర్చుకునేది?"

ఆదెయ్యకు తన చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

తిరునాళ్ళు వచ్చాయి. ఎవరు ఎటు నిలబడాలో సాహెబు గారు ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

గరుడసేవ నాడు తెల్లవారుతుండగా కారులో కొండెక్కుతున్నారు. ఆ రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళిన కారే. సాహెబు గారు వెనక సీట్లో కునుకు తీస్తున్నాడు. డ్రైవరు బాబూరావు గేరు మారుస్తూ ఆదెయ్యతో మాట కలిపాడు.

"కుర్రోడు బాగున్నాడంటగా. ఆ రోజు సాహెబు గారు పెరట్లోంచి ఫోన్ చేశారు, చిన్నగా, ఎవరన్నా వింటారేమో అన్నట్టు. బండి కడుగుతన్నానండీ, పావుగంట పడుద్ది అన్నా. సరే, తొందరగా రా, కుర్రోడి గుండె బాగాలేదు అన్నారు."

ఆదెయ్య తల తిప్పి డ్రైవరు వైపు చూశాడు. "పెరట్లోంచా? పెరట్లోకి ఆయన ఒకసారే గదా పోయింది?"

"అదేమో నాకు తెలవదు గానీ, పావుగంట అంటే పావుగంటలో వచ్చా" అన్నాడు బాబూరావు.

ఆదెయ్య వెనక్కి తిరిగి, కునుకు తీస్తున్న గురువు వైపు చూశాడు.

గుడి ముందు మేళం నిలబడింది. ఆదెయ్య గురువుకు కుడిపక్కన నిలబడ్డాడు. పద్నాలుగేళ్ళు కలలో నిలబడ్డ చోటది. గంటలు, డప్పులు, మైకులో గోవిందలు, జనం కేకలు. ఆ హోరులో సాహెబు గారు వాయిస్తూ వాయిస్తూ ఆపి, వెనక శృతి పట్టినవాడితో, "వెంట్రుకవాసి దిగింది, ఎత్తు" అన్నాడు. శృతి దిగిన సంగతి కుర్రకారులో ఒక్కరికీ తెలియలేదు. ఆదెయ్యకు కూడా తెలియలేదు.

బస్సు హోరుకు మూసుకుపోయే చెవులు కావవి.

తోడిలో పొడుగు పట్టు వచ్చింది. గురువు కళ్ళతో సైగ చేశాడు, నువ్వు ఎత్తుకో అని. ఆదెయ్య ఒక్క ఊపిరిలో ఎక్కి దిగాడు. తప్పు పోలేదు. జనం ఆహా అన్నారు. ఇంత బాగా వాయించి ఇంత దిగులుపడ్డ రోజు అతనికి ఇంకొకటి లేదు.

సేవ అయ్యాక జనం పల్చబడ్డారు. సాహెబు గారు మెట్ల మీద నీడపట్టున కూర్చుని పీకలు తుడుచుకుంటున్నాడు. ఆదెయ్య వచ్చి రెండు మెట్ల కింద కూర్చున్నాడు.

"గురువుగారూ, ఆ రోజు నేను చెప్పంది ఇంకోటి ఉంది."

"చెప్పు."

"వాడి మీద జాలితో దాచలేదు. వాడి ఊపిరి తెగాలని దాచా. తెగితే సంతోషపడ్డా. ఆ తల్లి నా చేతులు కళ్ళకద్దుకుంటంది. నేను భరించలేకపోతన్నా."

సాహెబు గారు పీక తుడవడం ఆపలేదు. ఆదెయ్యకు ఏడుపొచ్చింది, ఏడుపుతో పాటు ఆ పాత మంట కూడా వచ్చింది. ముప్ఫై మూడేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా అడిగేశాడు.

"పద్నాలుగేళ్ళలో ఒక్క శుక్రవారమన్నా నన్ను లోపలికి పిలిచారా మీరు? ఒక్కసారన్నా నేనెట్టా ఉన్నానని అడిగారా? ఏదన్నా ఇచ్చారంటే అంతా వాడికే గదా!"

మెట్ల కింద కొబ్బరికాయలు అమ్మేవాడు తల తిప్పి చూశాడు. ఆదెయ్య గొంతు తగ్గించాడు.

"పెరట్లోంచి కారుకు ఫోన్ చేసినాకే నన్ను పిలిచారు. అంటే మీకు వినపడింది. అంతా ముందే తెలుసు. మరి నా చేత ఎందుకు వినిపించారు?"

సాహెబు గారు పీకను వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు. రెండు రేకులూ కలిశాయో లేదో చూసి డబ్బీలో పెట్టాడు. అప్పుడు ఆదెయ్య వైపు తిరిగాడు.

"కారు సింగడి కోసం చెప్పా" అన్నాడు. "అది రావడానికి పావుగంట పడుద్దన్నాడు. ఆ పావుగంట నీకిచ్చా."